బాక్సులు నాలుగు, తెరలు ఆరు: మధ్యలో ఆగే బొమ్మ

క్రికెట్ మ్యాచ్ రోజున ఏ క్లబ్బు లాంజ్‌లోనైనా ఉండే ఏర్పాటునే తీసుకుందాం. రెండు సెట్‌టాప్ బాక్సులు, ఒక స్ట్రీమింగ్ స్టిక్, ఒక ల్యాప్‌టాప్. గోడల మీద ఐదు 4కె టీవీలు, హాలు చివర ఒక పాత ప్రొజెక్టర్. మధ్యలో ర్యాక్‌లో హెచ్‌డీఎంఐ మ్యాట్రిక్స్, అంటే ఏ బాక్సు బొమ్మనైనా ఏ తెరకైనా పంపే పెట్టె. కాగితం మీద ఇంతకన్నా తేలికైన పని లేదు. తీరా స్విచ్ వేశాక ఒక టీవీలో బొమ్మ బ్రహ్మాండంగా వస్తుంది, పక్కదానిలో నల్లటి తెర, ఇంకోదానిలో రంగు చుక్కల వాన. కేబుల్ మారుస్తారు, పోర్టు మారుస్తారు, చివరికి మ్యాట్రిక్స్‌ను తిట్టుకుంటారు. చాలాసార్లు తప్పు వీటిలో దేనిదీ కాదు. ఈ తెరకు ఈ బొమ్మ చూపించవచ్చా అన్న విషయంలో బాక్సుకూ టీవీకీ మధ్య మాట కుదరలేదు, అంతే.

అనలాగ్ రోజుల్లో ఈ పేచీ లేదు. ఊళ్లో కేబుల్ ఆపరేటర్ ఒక డిష్, ఒక వీసీఆర్ పెట్టుకుని, దారిపొడవునా స్ప్లిటర్లు బిగిస్తూ వీధి మొత్తానికీ బొమ్మ పంచేవాడు. పంచినకొద్దీ సిగ్నల్ పలచబడేది, తెర మీద చుక్కలు పడేవి. ఒక యాంప్లిఫయర్ తగిలిస్తే సర్దుకునేది. బొమ్మ ఎన్ని టీవీలకు వెళ్తోందో వీసీఆర్‌కు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. డిజిటల్‌లో నకలుకూ అసలుకూ తేడా ఉండదు కాబట్టి సినిమా స్టూడియోలు ఆ స్వేచ్ఛను ఒప్పుకోలేదు. బ్లూ-రే లైసెన్సు నిబంధనలైతే 2013 తర్వాత తయారయ్యే ప్లేయర్లలో రక్షణ ఉన్న బొమ్మకు అనలాగ్ దారినే మూసేశాయి. మిగిలింది హెచ్‌డీఎంఐ. దాని మీద కాపలా హెచ్‌డీసీపీ, అంటే కాపీ చేయకుండా బొమ్మకు వేసే డిజిటల్ తాళం.

ఇక్కడ చాలామంది ఒక విషయంలో పొరబడతారు. ఉపగ్రహం నుంచి వచ్చే ఛానల్‌కు వేసిన తాళం వేరు, హెచ్‌డీసీపీ తాళం వేరు. చందా కట్టారో లేదో చూసి మొదటి తాళం తీసేది సెట్‌టాప్ బాక్సు. తీసి, డీకోడ్ చేసి, పూర్తి బొమ్మను కేబుల్‌లోకి వదిలేముందు అదే బాక్సు మళ్లీ కొత్త తాళం వేస్తుంది. టీవీ దాకా ఉన్న మీటరున్నర వైరు కోసం ఈ రెండో తాళం. స్ట్రీమింగ్ స్టిక్ చేసేదీ ఇదే. చందా ఉన్నా, ఇంటర్నెట్ బాగున్నా, ఆ మీటరున్నర దగ్గరే బొమ్మ ఆగిపోవచ్చు.

హెచ్‌డీసీపీని తయారుచేసింది ఇంటెల్. మొదటి వెర్షన్ 2000లో వచ్చింది, అదీ కంప్యూటర్ మానిటర్లకు వాడే డీవీఐ కోసం. హెచ్‌డీఎంఐ 2002 డిసెంబరులో పుట్టాక దానికీ అంటుకుంది. తాళంచెవులు జారీ చేసేది, లైసెన్సు ఇచ్చేది ఇంటెల్ అనుబంధ సంస్థ డిజిటల్ కంటెంట్ ప్రొటెక్షన్. ఒక బాక్సు, ఒక కేబుల్, ఒక టీవీ: ఈ పథకం మనసులో పెట్టుకున్న చిత్రం ఇది. ఒకటి నుంచి అనేకానికి పంచడం ఆ చిత్రానికి తగిలించిన అదనపు అధ్యాయం. మ్యాట్రిక్స్ కష్టాలు చాలావరకు ఆ అతుకు దగ్గరే మొదలవుతాయి.

పాత తరం, అంటే 1.4 వరకు ఉన్న హెచ్‌డీసీపీ, తాళం ఎలా వేస్తుందో కాస్త దగ్గరగా చూడాలి. ప్రతి పరికరానికీ 40 రహస్య సంఖ్యలు ఉంటాయి, ఒక్కోటి 56 బిట్లు. వాటితోపాటు అందరికీ చూపించదగ్గ 40 బిట్ల గుర్తింపు సంఖ్య ఒకటి. అందులో సరిగ్గా 20 ఒకట్లు, 20 సున్నాలు ఉంటాయి. బాక్సు, టీవీ తమ గుర్తింపు సంఖ్యలు ఇచ్చిపుచ్చుకుంటాయి. టీవీ సంఖ్యలో ఏయే స్థానాల్లో ఒకట్లు ఉన్నాయో చూసి, బాక్సు తన 40 రహస్యాల్లో ఆ స్థానాల్లో ఉన్న 20 సంఖ్యలను కలిపి కూడుతుంది. టీవీ కూడా బాక్సు సంఖ్యను చూసి తన వైపు అదే కూడిక చేస్తుంది. రెండు మొత్తాలూ సమానమవుతాయి. రహస్య సంఖ్య ఒక్కటి కూడా వైరు మీదికి రాకుండానే ఇద్దరి చేతిలో ఒకే తాళంచెవి ఉంటుంది. రహస్యాలన్నీ ఒకే 40 బై 40 పట్టిక నుంచి, లెక్క కుదిరేలా పుట్టించినవి కావడమే దీని కిటుకు. ఈ తాళంచెవికి బాక్సు పంపిన యాదృచ్ఛిక సంఖ్యను కలిపి టీవీ ఒక 16 బిట్ల జవాబు తయారుచేస్తుంది. బాక్సు ఒక్క క్షణం, కనీసం 100 మిల్లీసెకన్లు ఆగి దాన్ని చదువుతుంది. తన లెక్కతో కలిస్తేనే బొమ్మ.

అంతటితో అయిపోదు. తర్వాత ప్రతి 128 ఫ్రేములకు జవాబు మారుతుంది, దాన్ని బాక్సు మళ్లీ మళ్లీ సరిచూసుకుంటుంది. సెకనుకు 60 ఫ్రేములైతే ఇది రెండు సెకన్లకు కాస్త పైన. బొమ్మ వచ్చి రెండు మూడు సెకన్లుండి పోవడం, మళ్లీ రావడం, మళ్లీ పోవడం అనే లక్షణం ఫీల్డులో పనిచేసేవాళ్లకు బాగా తెలుసు. మొదటి పలకరింపు కుదిరి, తర్వాతి తనిఖీలో తేడా కొడుతోందని దానర్థం. ఇక్కడ మాత్రం కేబుల్‌ను అనుమానించడం న్యాయమే. ఈ సంభాషణంతా జరిగేది కేబుల్‌లోని రెండు సన్నటి తీగల మీద, డీడీసీ అనే నెమ్మది లైనులో. బొమ్మ మోసే తీగలు బాగానే ఉండి ఈ లైను పాడైనా తెర నల్లబడుతుంది. చుక్కల వాన వేరే కథ. బాక్సు తాళం వేస్తూనే ఉంది, టీవీ తప్పు చెవితో తీస్తోంది.

ఇప్పుడు మధ్యలోకి మ్యాట్రిక్స్ వచ్చింది. హెచ్‌డీసీపీ దృష్టిలో అది రిపీటర్. బాక్సు వైపు టీవీలా, టీవీ వైపు బాక్సులా ప్రవర్తించాలి. ఇన్‌పుట్ దగ్గర తాళం తీసి, ఒక్కో అవుట్‌పుట్ దగ్గర మళ్లీ వేరే తాళం వేయాలి. అంతకన్నా ముఖ్యంగా, తన కింద ఉన్న తెరలన్నిటి గుర్తింపు సంఖ్యల జాబితా పోగుచేసి పైకి, బాక్సుకు అప్పగించాలి. పాత తరంలో ఇందుకు గడువు 5 సెకన్లు, కొత్త 2.2 తరంలో 3 సెకన్లు. బాక్సు ఆ జాబితాలో రద్దయిన పరికరం, అంటే ఇక నమ్మకూడదని ప్రకటించినది, ఏదైనా ఉందేమో వెతుకుతుంది. ఉంటే బొమ్మ ఇవ్వదు.

జాబితా ఎంత పొడవుండవచ్చో కూడా రాసి ఉంది. 1.4లో మొత్తం 128 పరికరాలు, ఏడు అంచెలు. 2.2లో అది 32 పరికరాలు, నాలుగు అంచెలకు కుంచించుకుపోయింది. కాగితం మీద 32 పెద్ద సంఖ్యే. అయితే అంచెలు ఇట్టే అయిపోతాయి. మ్యాట్రిక్స్ ఒకటి, దాని కింద స్ప్లిటర్ ఒకటి, టీవీకి ముందు సౌండ్ కోసం పెట్టిన ఏవీ రిసీవర్ ఒకటి, ఆ తర్వాత టీవీ. ఇలా ఇంకో రెండు పెట్టెలు చేరాయంటే లెక్క దాటినట్టే. పైగా ప్రమాణం ఒప్పుకున్నంత జాబితాను ప్రతి బాక్సూ ఒప్పుకోదు. ఇంట్లో ఒక టీవీకి పెట్టుకునే బాక్సు కదా అని, తయారీదారు అందులో కొద్ది సంఖ్యలకే చోటిస్తాడు. నాలుగు తెరల దాకా బాగా నడిచి, ఐదోది కలపగానే అన్నీ ఒక్కసారిగా నల్లబడితే, కొత్తగా పెట్టిన టీవీలో లోపం వెతకడం దండగ.

పాత తరంలో ఇంకో చిక్కుంది. రెండు టీవీల్లో మ్యాచ్ నడుస్తుండగా మూడో టీవీని అదే బాక్సుకు కలిపితే, జాబితా మారింది కాబట్టి మ్యాట్రిక్స్ పైకి కబురు పెట్టాలి. ఆ కబురు పెట్టే పద్ధతి, హాట్ ప్లగ్ సిగ్నల్‌ను ఒకసారి దించి మళ్లీ ఎత్తడం. అంటే తనను తనే పీకి మళ్లీ గుచ్చినట్టు నటించడం. బాక్సు మొదటి నుంచి పలకరింపులు మొదలెడుతుంది. మూడో టీవీ కోసం మొదటి రెండూ నల్లబడతాయి, సరిగ్గా ఆఖరి ఓవర్లో. 2.2లో మారిన జాబితాను మాత్రమే పైకి పంపే వీలుంది కాబట్టి ఈ బాధ తగ్గింది. ఖరీదైన మ్యాట్రిక్సులు దీనికి వేరే ఉపాయం పన్నాయి. అవుట్‌పుట్ వైపు టీవీతో హ్యాండ్‌షేక్‌ను, అంటే ఆ పలకరింపును, ఎప్పటికీ తెగనివ్వవు. సోర్సు మారినప్పుడు కేవలం బొమ్మ మాత్రమే మారుతుంది. ఒకే రకంగా కనిపించే రెండు పెట్టెల ధరల్లో అంత తేడా ఎందుకంటే, జవాబులో సగం ఇదే.

మిగతా సగం స్కేలర్, అంటే బొమ్మ కొలతనూ వేగాన్నీ మార్చే భాగం. భారతదేశంలో హెచ్‌డీ ఛానళ్లు మామూలుగా సెకనుకు 50 ఫీల్డుల (సగం ఫ్రేముల) 1080ఐలో వస్తాయి. స్ట్రీమింగ్ స్టిక్ 4కెలో సెకనుకు 60 ఫ్రేములు ఇస్తుంది. ఒకదాని నుంచి ఇంకోదానికి మారితే, తాళం గొడవ లేకపోయినా, టీవీ కొత్త వేగానికి సర్దుకోవడానికి ఒకట్రెండు సెకన్లు పడుతుంది. ప్రతి అవుట్‌పుట్‌కూ స్కేలర్ ఉంటే అన్నీ ఒకే కొలతలో బయటికొస్తాయి, టీవీకి మార్పే తెలియదు.

హెచ్‌డీసీపీ కన్నా ముందే జరిగే ఇంకో సంభాషణ ఉంది. టీవీ తన సామర్థ్యాల చిట్టా ఒకటి దగ్గర ఉంచుకుంటుంది, దాని పేరు ఈడీఐడీ. 4కె వస్తుందా, హెచ్‌డీఆర్ వస్తుందా, ఎన్ని ఛానళ్ల సౌండు అన్నీ అందులో ఉంటాయి. బాక్సు దాన్ని చదివి అందుకు తగ్గ బొమ్మ ఇస్తుంది. ఒక బాక్సును ఆరు తెరలకు పంచితే ఎవరి చిట్టా చూపించాలి? ఐదు టీవీలది చూపిస్తే ప్రొజెక్టర్‌కు మింగుడుపడని బొమ్మ వెళ్తుంది. ప్రొజెక్టర్‌ది చూపిస్తే కొత్త టీవీలన్నీ 1080పికి, అంటే 4కె కన్నా తక్కువైన హెచ్‌డీ స్థాయికి, దిగిపోతాయి. ఇక్కడ స్కేలర్ ఆదుకుంటుంది: బాక్సుకు 4కె చిట్టా చూపించి, ప్రొజెక్టర్ అవుట్‌పుట్ దగ్గర మాత్రం కిందికి దించవచ్చు.

ఆదుకుంటుంది గానీ సగం దాకానే. హెచ్‌డీసీపీ 2.2 బొమ్మలను రెండు తరగతులుగా విడదీసింది, టైప్ 0, టైప్ 1. టైప్ 1 ముద్ర పడిన బొమ్మను రిపీటర్ పాత 1.4 పరికరానికి పంపకూడదు. 4కె సినిమాలకు ఈ ముద్ర మామూలు. ప్రొజెక్టర్ 1.4 దైతే, స్కేలర్ బొమ్మను 1080పికి దించినా ఆ ముద్ర దిగదు, ఎందుకంటే అది పిక్సెళ్ల లెక్క కాదు, అనుమతి లెక్క. అప్పుడు రెండే ఫలితాలు. మ్యాట్రిక్స్ ఆ ఒక్క అవుట్‌పుట్‌ను నల్లగా ఉంచుతుంది. లేదా, కింద పాత పరికరం ఉందని జాబితాలో చూసిన బాక్సు ముద్ర లేని 1080పి బొమ్మనే అందరికీ ఇస్తుంది. పంక్తిలో ఒకరికి పడదని అందరి విస్తట్లోంచీ పాయసం తీసేసినట్టన్నమాట. ఏది జరుగుతుందన్నది బాక్సు తయారుచేసినవాడి ఇష్టం. అందుకే ఇవాళ సరిగ్గా ఆడిన సెటప్, స్ట్రీమింగ్ స్టిక్ మారిస్తే వేరే రకంగా ప్రవర్తిస్తుంది. 4కె టీవీలకు పెట్టిన డబ్బు మొత్తం ఒక పాత ప్రొజెక్టర్ దగ్గర వృథా కావడం ఇలాంటి హాళ్లలో అరుదేమీ కాదు.

ల్యాప్‌టాప్ సంగతి వేరు. ఆపిల్ మ్యాక్‌ల లాంటి కొన్ని కంప్యూటర్లు, ఎదుటి పరికరం హెచ్‌డీసీపీ వచ్చునంటే చాలు, నడుస్తున్నది సినిమా అయినా మామూలు స్లైడ్లయినా సరే తాళం వేసేస్తాయి. కాలేజీ ఆడిటోరియంలో అధ్యాపకుడి సొంత పాఠాన్ని రికార్డు చేద్దామంటే రికార్డరులో నల్లటి తెర కనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే. మందు కూడా తేలికే. మ్యాట్రిక్స్ మెనూలో ఆ ఒక్క ఇన్‌పుట్‌కు హెచ్‌డీసీపీ మద్దతును ఆపేస్తే, తన ఎదురుగా ఉన్నది తాళం తెలియని పరికరం అనుకుని ల్యాప్‌టాప్ తాళం లేకుండా పంపుతుంది. ఇందులో ఏ రక్షణనూ ఛేదించినట్టు కాదు, రక్షణ ఉన్న సినిమా పెడితే అది ఆడదు. ప్లేస్టేషన్‌లోనూ హెచ్‌డీసీపీని ఆపే సెట్టింగు ఉంది. ఆపితే ఆటలు నడుస్తాయి, వీడియో యాప్‌లు నడవవు.

ఇంత కట్టుదిట్టం చేసి దొంగను ఆపగలిగిందా అంటే, లేదనే చెప్పాలి. పైన చెప్పిన 20 సంఖ్యల కూడిక ముచ్చటగానే ఉంటుంది, దాని గండమూ అందులోనే ఉంది. అంతా కూడికే కాబట్టి, దాదాపు 40 పరికరాల రహస్యాలు చేజిక్కితే మూల పట్టికనే లెక్కగట్టి రాబట్టవచ్చని 2001లోనే స్కాట్ క్రాస్బీ, డేవిడ్ వాగ్నర్ తదితరులు తమ పరిశోధన పత్రంలో చూపించారు. 2010 సెప్టెంబరులో ఆ మూల పట్టిక ఇంటర్నెట్‌లో ప్రత్యక్షమైంది, అది అసలైనదేనని ఇంటెల్ ఒప్పుకుంది. మరుసటి ఏడాది జర్మనీలోని బోహుమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సుమారు 200 యూరోల సర్క్యూట్ బోర్డుతో ఈ తాళం తీసి చూపించారు. 2.x తరం ఆ కూడికను వదిలేసి, బ్యాంకింగ్‌లో వాడే రకం ఆర్‌ఎస్‌ఏ, ఏఈఎస్ పద్ధతులకు మారింది. అవతలి పరికరం 20 మిల్లీసెకన్లలో జవాబివ్వాలన్న షరతు కూడా పెట్టింది, తెర నిజంగా దగ్గర్లోనే ఉందని తేల్చుకోవడానికి. అయితే 2.2ను 1.4గా మార్చి ఇచ్చే పెట్టెలు మార్కెట్లోకి వచ్చాయి. హెచ్‌డీఫ్యూరీ పేరుతో వాటిని అమ్మిన లెజెండ్‌స్కై కంపెనీ మీద వార్నర్ బ్రదర్స్, ఇంటెల్ అనుబంధ సంస్థ కలిసి 2015 ఆఖర్లో అమెరికా కోర్టుకెక్కాయి. తాళం తీయలేదు, మార్చామంతే అన్నది కంపెనీ వాదన. మరుసటి ఏడాది ఆ కేసు రాజీతో ముగిసింది. పైరసీ చేసేవాడు హెచ్‌డీఎంఐ వైరు దాకా రానక్కర్లేదు, వేరే దారులున్నాయి. దీని బాధ పూర్తిగా పడేది డబ్బు కట్టి సక్రమంగా చూసే హాలు యజమాని, ఆ హాలు సెటప్ చేసే టెక్నీషియనే.

భారత చట్టంలో దీనికి సంబంధించినది 1957 కాపీరైట్ చట్టంలో 2012 సవరణ చేర్చిన 65ఎ సెక్షన్. హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. ఉద్దేశం అన్న మాట అందులో కీలకం. చౌక స్ప్లిటర్లలో కొన్ని తాళాన్ని చడీచప్పుడు లేకుండా ఊడదీసి పంపుతాయి, కొన్నవాడికి ఆ సంగతే తెలియదు. వాటితో చిక్కు తీరిపోతుందని అమ్మేవాళ్లూ ఉన్నారు. వ్యాపార స్థలంలో అలాంటి పెట్టె మీద ఆధారపడడం తెలివైన పని కాదు. మరోవైపు, హెచ్‌డీసీపీ అంతా సజావుగా ఉన్నంత మాత్రాన ప్రదర్శన హక్కు ఉన్నట్టూ కాదు. ఇంటి కనెక్షన్ బాక్సును క్లబ్బులో పెట్టి ఆరు తెరలకు పంచినా హ్యాండ్‌షేక్ నిక్షేపంగా జరుగుతుంది. అది ఇల్లో క్లబ్బో ఆ తాళానికి తెలియదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ టారిఫ్ ఉత్తర్వులు మాత్రం మామూలు చందాదారును, వాణిజ్య చందాదారును వేరుగా చూస్తూ వచ్చాయి.

హాలు పెద్దదైతే దూరం సమస్యవుతుంది. 4కె బొమ్మను సెకనుకు 18 గిగాబిట్ల వేగంతో మోసే మామూలు రాగి హెచ్‌డీఎంఐ కేబుల్ కొద్ది మీటర్లు దాటితే నమ్మడం కష్టం. 2010లో వచ్చిన హెచ్‌డీబేస్‌టీ, మామూలు నెట్‌వర్క్ కేబుల్ మీద 100 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. తొలి తరాల్లో 60 ఫ్రేముల 4కెకు రంగు వివరం తగ్గించుకోవాల్సి వచ్చేది, 3.0తో ఆ పరిమితి పోయింది. తెరలు పదుల్లోకి వెళ్తే మ్యాట్రిక్స్ పెట్టెనే వదిలేసి ఐపీ పద్ధతికి, అంటే బొమ్మను కంప్యూటర్ నెట్‌వర్క్ మీద పంపడానికి, మారడం మేలు. ప్రతి బాక్సు దగ్గర ఒక ఎన్‌కోడర్, ప్రతి తెర దగ్గర ఒక డీకోడర్, మధ్యలో నెట్‌వర్క్ స్విచ్. గిగాబిట్ నెట్‌వర్క్ అయితే బొమ్మను కుదించి పంపాలి, 10 గిగాబిట్లయితే దాదాపు అవసరం లేదు. ఎన్‌కోడర్ తాళం తీసి, నెట్‌వర్క్ మీద తన సొంత తాళంతో పంపి, డీకోడర్ దగ్గర మళ్లీ హెచ్‌డీసీపీ వేయాలి. కాబట్టి టైప్ 1 పేచీ ఇక్కడా వదలదు. అదనంగా వచ్చే తలనొప్పి మల్టీక్యాస్ట్, అంటే ఒకే బొమ్మను ఒకేసారి అనేక తెరలకు పంపే పద్ధతి. స్విచ్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ (అడిగిన పోర్టుకే బొమ్మ పంపే సెట్టింగు) సరిగా పెట్టకపోతే ఒక తెరకు పంపిన బొమ్మ ప్రతి పోర్టులోకీ పొర్లి, ఆఫీసు ఇంటర్నెట్ కూడా పడకేస్తుంది.

కొనేటప్పుడు చూసేవాళ్లు మామూలుగా 4కె అన్న ముద్ర, పోర్టుల సంఖ్య చూసి ఆగిపోతారు. అంతకన్నా ముందు, ఉన్న తెరల్లో అన్నిటికన్నా పాతది ఏ హెచ్‌డీసీపీ తరందో రాసుకోవాలి, ఎందుకంటే మిగతావన్నీ దాన్ని బట్టే నడుస్తాయి. తర్వాత మ్యాట్రిక్స్ ప్రతి అవుట్‌పుట్‌కూ స్కేలర్ ఉందా, ప్రతి ఇన్‌పుట్‌కూ వేరే ఈడీఐడీ పెట్టుకోవచ్చా, హెచ్‌డీసీపీని ఇన్‌పుట్‌వారీగా ఆపవచ్చా అని అడగాలి. ఏ పోర్టులో ఏ తరం హెచ్‌డీసీపీ నడుస్తోందో చూపించే స్టేటస్ పేజీ ఉందో లేదో కూడా అడిగి తీరాలి. ఆ పేజీ లేని పెట్టెలో లోపం వెతకాలంటే, మ్యాచ్ నడుస్తుండగా ఒక్కో కేబుల్ పీకి చూడడం తప్ప గతి లేదు.